తాళం సూది

ఏడో సూదిలోకి దూర్చిన తీగె సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇన్నయ్య తొందరపడలేదు. తీగెను వెనక్కి తీసి, సూదిని చన్నీళ్ళ గిన్నెలో మరోసారి ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా తిప్పుతూ మళ్ళీ పంపాడు. చీమ తలంత ఎండు నెత్తురు బయటికొచ్చి నీళ్ళలో ఎర్రటి పొగలా విడిపోయింది.

"అదీ," అన్నాడు సూదితో. పాలు తాగనని మొరాయించిన బిడ్డ చివరికి తాగినప్పుడు తల్లులు అనే గొంతు అది.

పొద్దున ఏడున్నర అయింది. నరసరావుపేట కన్యస్త్రీల ఆస్పత్రిలో సూదులు ఉడకబెట్టే గదికి తూర్పున ఒక కిటికీ, పడమర ఒక సగం తలుపు ఉన్నాయి. కిటికీలోంచి ఎండ లోపలికి వస్తుంది. సగం తలుపు మీదుగా ఇన్నయ్యకు మగవాళ్ళ వార్డు కనిపిస్తుంది, వార్డుకు ఇన్నయ్య కనిపిస్తాడు. పదిహేడేళ్ళుగా రోగులు కళ్ళు తెరవగానే మొదట చూసేది అతన్నే. ఖాకీ నిక్కరు, ఉతికి ఉతికి పలచబడ్డ తెల్ల చొక్కా, గడ్డం మీద ఉప్పు చల్లినట్టు నెరిసిన వెంట్రుకలు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు. ఎడమచేతికి చిటికెనవేలూ ఉంగరపువేలూ లేవు. మిగిలిన మూడు వేళ్ళతో అతను సూదిని పట్టుకునే తీరు చూస్తే ఆ రెండు వేళ్ళూ దేవుడు అనవసరంగా ఇచ్చాడేమో అనిపిస్తుంది.

అతని ముందు సానరాయి ఉంది. అరచేయంత పొడుగు, నల్ల నేరేడు రంగు. మొదటి పెద్ద సిస్టరు తన దేశం నుంచి ఓడలో తెచ్చుకున్న రాయి అది. ఇన్నయ్య దాని మీద ఒక చుక్క నూనె వేసి, సూది మొనను ఏటవాలుగా ఆనించి, ముందుకీ వెనక్కీ నడుపుతాడు. సుయ్, సుయ్. ఇన్నేళ్ళ సూదులకు రాయి నడుమ ఒక సన్నటి గాడి పడింది. నూరాక ప్రతి సూదినీ రెండు పోచల దూదిలోంచి లాగి చూస్తాడు. దూది అంటకుండా వచ్చేస్తే ఆ సూది ఒంట్లోకి దిగేటప్పుడు మనిషికి తెలియదు. ఒక్క పోగు చిక్కుకున్నా మళ్ళీ రాయి మీదికే.

సూదులన్నిట్లోకి సన్నటిదాన్ని అతను విడిగా, నీలం దారం కట్టిన గాజు గొట్టంలో ఉంచుతాడు. అది నొప్పి తెలియకుండా చేసే పెథిడిన్ మందు సూది. వార్డు దాన్ని తాళం సూది అంటుంది.

ఆ పేరు రావడానికి కారణం డాక్టర్ సిస్టర్ ఫిలోమినా నడుముకు వేలాడే తాళంచెవి. మిగతా మందులన్నీ అద్దాల బీరువాలో ఉంటాయి. ఈ మందు మాత్రం గోడలోకి కట్టిన ఇనప అలమరలో ఉంటుంది. సిస్టరు తానే వచ్చి, తానే తాళం తీసి, చిన్న గాజుబుడ్డి ఒక్కటి బయటికి తీసి, మళ్ళీ తాళం వేస్తుంది. తాళంచెవి గలగలమంటే చాలు, వార్డులో దగ్గేవాళ్ళు కూడా దగ్గు ఆపేస్తారు.

ఆరేళ్ళ కిందట ఆ మందు మొదటిసారి వచ్చినప్పుడు ఇన్నయ్య సిస్టరును అడిగాడు, "ఇది నల్లమందులోంచి తీసిందేనామ్మా?"

సిస్టర్ ఫిలోమినాది మంగుళూరు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది. "కాదు ఇన్నయ్యా. మార్ఫియా నల్లమందు నుండి వచ్చును. ఇది ఏ మొక్క నుండియు రాలేదు. పూర్తిగా మనుష్యులే తయారు చేసిరి."

"ఏ చెట్టుదీ కాదా?"

"ఏ చెట్టుదియు కాదు."

ఆ రోజంతా ఇన్నయ్య మనసు తేలిగ్గా ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్య ఆరోగ్యమ్మకు చెప్పాడు. విత్తనం లేదు, ఆకు లేదు, పూవు లేదు, ఎవరో ఎక్కడో గదిలో కూర్చుని, పక్కవాడికి నొప్పి తగ్గాలని తలుచుకుని సీసాలో పుట్టించారు. ఆరోగ్యమ్మ గోంగూర తరుగుతూ, "అట్లాగా, మరి నీకు ఆకలి తగ్గే మందు కూడా పుట్టించమను, నాకు పొయ్యి బాధ తప్పుద్ది," అంది. పల్నాడంతా వెతికినా ఆమె కత్తిపీటంత పదునైంది దొరకదు. మొగుడు నెలకోసారి దాన్ని నూరిపెడతాడు. అందుకే ఆమె వేళ్ళ మీద గాట్లు ఎప్పుడూ మానవు. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో దాని గురించి ఆమె తిట్టని వారం లేదు, మొద్దు కత్తిపీట ఒకటి తెచ్చుకుందామని అన్న రోజూ లేదు.

ఎనిమిదో సూది తీసుకోబోతుండగా కడుపులో మొదలైంది. కుడివైపు, డొక్క కింద, ఎవరో మొద్దుబారిన ఉలి ఆనించి నిదానంగా సమ్మెటతో కొడుతున్నట్టు. ఇన్నయ్య సూది కింద పెట్టి, బల్ల అంచుకు పొట్ట అదిమి, కిటికీ కమ్మీలు లెక్కపెట్టాడు. తొమ్మిది కమ్మీలు. మూడుసార్లు లెక్కపెట్టేసరికి నొప్పి కాస్త వెనక్కి తగ్గింది. సంక్రాంతి దాటాక గుంటూరు పెద్దాస్పత్రిలో కడుపు కోసి చూసి, ఏమీ ముట్టుకోకుండా మళ్ళీ కుట్టేశారు. ఎందుకు కుట్టేశారో అతను అడగలేదు. ఆస్పత్రిలో పనిచేసేవాడికి అడగకుండానే తెలుస్తుంది.

"ఇప్పటికైనను ఆ సూది వేయించుకొందువా?"

సిస్టర్ ఫిలోమినా గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో.

"పడుకుంటే ఈ సూదులెవరు నూరతారమ్మా."

నెల రోజులుగా ఆమె అడుగుతున్నది అదే, అతను చెబుతున్నదీ అదే. ఆమె నిట్టూర్చి వచ్చిన పని చెప్పింది. ఆరో నంబరు మంచం మీద ఉన్న మస్తానయ్య కాలికి కట్టు మార్చాలి. నిన్న మార్చబోతే నొప్పికి తట్టుకోలేక ఎగిరిపడ్డాడు. పళ్ళెం కిందపడింది. గాయంలో రాతిపొడి ఇంకా ఉంది. ఈ రోజు శుభ్రం చేయకపోతే కాలు కుళ్ళుతుంది, ఆదివారానికల్లా మోకాలి పైదాకా తీసేయాలి. పెథిడిన్ ఇస్తే కదలకుండా పడుకుంటాడు, అరగంటలో పనైపోతుంది. కానీ ఆ పిల్ల ఒప్పుకోవడం లేదు.

"ఏ పిల్లమ్మా?"

"అతని భార్య. ఆమె సమ్మతింపనిదే అతడును సమ్మతింపడట. నీవు మాటలాడుము. వారికి నీ మాట అర్థమగును."

మస్తానయ్యకు ఇరవై రెండేళ్ళు. పిడుగురాళ్ళ సున్నపురాయి గనిలో బండ దొర్లి కాలి మీద పడింది. తోటివాళ్ళు లారీలో వేసుకొచ్చారు. అతని భార్య సీతారావమ్మకు పద్దెనిమిది ఉంటాయేమో. మెడలో పసుపుతాడు ఇంకా కొత్త రంగులోనే ఉంది. ఇద్దరి గోళ్ళ మీదా గోరింటాకు సగం పెరిగి నెలవంకలయింది. పెళ్ళయి నలభై మూడు రోజులు. ఆ లెక్క ఆమెకు వేళ్ళ మీద ఉంది. అందులో కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళింది ఒకరోజు, గాజులు కొనుక్కుంది ఆ రోజే, దారిలో చెరుకుగడ చెరిసగం తిన్నది కూడా ఆ రోజే. ఆస్పత్రికొచ్చిన మూడు రోజుల్లో వార్డులో అందరికీ ఇవన్నీ తెలిసిపోయాయి.

ఇన్నయ్య వెళ్ళేసరికి ఆమె నీళ్ళు తడిపిన దువ్వెనతో మొగుడి తల దువ్వుతోంది. అతని ముఖం సున్నంలా తెల్లబడి ఉంది. పెదవి కొరుక్కున్నచోట నెత్తురు గడ్డకట్టింది. అయినా పాపిడి మాత్రం పెళ్ళికొడుకుకు తీసినట్టు నిటారుగా ఉంది.

"ఏందమ్మా, డాక్టరమ్మ మాట వినవంట," అన్నాడు ఇన్నయ్య స్టూలు లాక్కుని.

"మామూలు సూది ఎన్నయినా పెట్టుకోమను బాబాయ్. తాళం సూది మాత్రం వద్దు."

"ఎందుకని?"

సమాధానం పక్క మంచం దగ్గర నుంచి వచ్చింది. అక్కడ కరీముల్లాకు వరిబీజం ఆపరేషనయింది. అతని భార్య ఖదీజా తమలపాకులు తుడుచుకుంటూ కూర్చుంది. వచ్చి పదిహేను రోజులైంది కాబట్టి వార్డుకు ఆమే పెద్ద దిక్కు. "ఎందుకేందన్నా. ఆ సూది పడిందంటే వారం తిరక్కుండా మంచం ఖాళీ. రాజుపాలెం బండి తోలే ముసలాయనకి ఇచ్చారు, పోయాడు. బట్టీలో కాలినాయనకి ఇచ్చారు, పోయాడు. నా కళ్ళతో చూశా. ఇంక బాగుచేసేది లేదనుకున్నాకే సిస్టరమ్మ ఆ తాళం తీస్తది."

"వాళ్ళకి పోయే జబ్బొచ్చింది ఖదీజమ్మా. పోయేలోపు నొప్పి ఉండకూడదని ఇచ్చారు."

"అదే నేనూ చెబుతుంట."

"అరిస్తే అరవనీ బాబాయ్," అంది సీతారావమ్మ. ఆమె గొంతులో మొండితనం కంటే భయమే ఎక్కువుంది. "అరిసేవాడు బతికే ఉంటాడు గదా."

"నా కాలు గురించి నన్నొకమాట అడగరా ఎవురూ," అన్నాడు మస్తానయ్య కళ్ళు మూసుకునే.

"నువ్వు నోరు మూసుకో. నాకు మాటిచ్చావు."

"ఇచ్చాలే." అతను ఇన్నయ్య వైపు తిరిగాడు. "ఇచ్చా బాబాయ్. అది ఊ అంటేనే."

ఇన్నయ్యకు నవ్వొచ్చింది, వెంటనే నొప్పి కూడా వచ్చింది. మంచం కోడు పట్టుకున్నాడు. "చూడు తల్లీ. కాలు లేకుండా గని పని చెయ్యలేడు. ఆ సూది మందే, ఇంకేం కాదు. నొప్పి కాసేపు తెలియదు, అంతే. నేను రోజూ దాన్ని నూరేవాణ్ణి, నాకు తెలియదా?"

సీతారావమ్మ దువ్వెన ఒళ్ళో పెట్టుకుని సూటిగా చూసింది.

"నీకు తెలుసు బాబాయ్. అందుకే గదా, అన్ని సూదులూ ఊరికే పంపుతావు. ఆ ఒక్క పళ్ళేనికే సిలువ గీస్తావు. ఆ తలుపులోంచి అందరికీ కనపడుద్ది."

ఇన్నయ్య లేచి మెల్లగా తన గదికి వచ్చేశాడు.

నిజమే. ఆరేళ్ళుగా నీలం దారం సూదిని పళ్ళెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి, దాని మీద గాలిలో చిన్న సిలువ గీస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతటదే లేస్తుంది. ఎందుకు లేస్తుందో అతనికి తెలుసు. కానీ ఎవరికీ చెప్పుకోలేదు, ఆరోగ్యమ్మకు కూడా.

అతని తండ్రి పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ కాల్చేవాడు. ఇన్నయ్యకు పదహారేళ్ళప్పుడు బట్టీ అంచు విరిగి, తండ్రి నడుము దాకా లోపలికి జారాడు. తీసి అరటాకుల మీద పడుకోబెట్టారు. నాలుగు రోజులు బతికాడు. సారా పోశారు, నల్లమందు ఉండ చేసి నాలుక కింద పెట్టారు, ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. ఆ నాలుగు రోజుల అరుపు విని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పిల్లల్ని పొలాలకు తోలుకుపోయారు. తర్వాత ఇన్నయ్య గనిలో ఉలులకు పదును పెట్టే పనిలో చేరాడు. ఒకరోజు మందుగుండు ముందే పేలి రెండు వేళ్ళు పోతే ఈ ఆస్పత్రికొచ్చాడు. చెయ్యి మానేలోపు, పనిచేయకుండా కూర్చోలేక, సిస్టర్ల కత్తెరలన్నీ నూరిపెట్టాడు. మొదటి పెద్ద సిస్టరు ఆ కత్తెరలు చూసి నల్లరాయి తెచ్చి అతని చేతిలో పెట్టింది. మళ్ళీ గనికి పోలేదు.

పెథిడిన్ పళ్ళెం తయారుచేసిన మొదటి రోజు తండ్రి గుర్తొచ్చాడు. ఈ మందు అప్పుడుంటే. అంతే, చెయ్యి లేచింది. అది చావుకు గీసిన సిలువ కాదు, ఇంత మంచి మందు పుట్టినందుకు గీసింది. కానీ ఆ తలుపు అవతల పడుకుని చూసేవాళ్ళకు ఆ సంగతెలా తెలుస్తుంది? చర్చి గురువుగారు వచ్చి, చనిపోబోయేవాళ్ళకు చివరి నూనె పూసేటప్పుడు కూడా అచ్చం అట్లాగే సిలువ గీస్తారు. హిందువులైనా ముసల్మానులైనా ఈ వార్డులో పడుకున్నవాళ్ళందరూ అది చూసినవాళ్ళే.

తాళం సూది అంటే ఈ భయాన్ని పుట్టించింది ఖదీజా కాదు, తాళంచెవి కూడా కాదు. తానే.

ఇన్నయ్య స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాడు. స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి. సూదులు లోపల టిక్కుటిక్కుమని ఒకదానికొకటి తగులుతున్నాయి. అప్పుడతనికి ఇంకో సంగతి తట్టింది. అది మొదటిదానికంటే కష్టమైంది. నెల రోజులుగా సిస్టరు వేస్తానంటున్న సూదిని తాను ఎందుకు తప్పించుకుంటున్నాడు? సూదులు నూరేవాడు లేకనా? గంటసేపు పడుకుంటే ఏ సూదీ ఏడవదు. ఆ పళ్ళేనికి సిలువ గీసీ గీసీ తనూ ఖదీజాలాగే నమ్మేశాడు. ఆ సూది తన ఒంట్లో దిగిన రోజు తన పని అయిపోయినట్టేనని.

"ఓరి నీ బతుకు చల్లగుండ," అని తనను తాను తిట్టుకుని, నీలం దారం సూది తీసి రాయి మీద నూనె చుక్క వేశాడు.

పదిన్నరకు అతను వార్డులోకి వచ్చి, ఖాళీగా ఉన్న అయిదో నంబరు మంచం మీద దుప్పటి సరిచేసి, చెప్పులు విడిచి పడుకున్నాడు. వెనకాలే సిస్టరు వచ్చింది. తాళంచెవి గలగలమంది. దగ్గులు ఆగిపోయాయి.

"ఏందన్నా ఇది," అంది ఖదీజా.

"నాకూ నొప్పుందమ్మా. మీకు చెప్పలా. కడుపులో పుండు. ఇదిగో ఇప్పుడు ఆ సూదే వేయించుకుంటున్నా." ఇన్నయ్య చొక్కా చెయ్యి మడుచుకుంటూ సీతారావమ్మ వైపు తిరిగాడు. "నువ్వు ఇక్కడే కూర్చో తల్లీ. నా ఊపిరి చూస్తా ఉండు. నేను లేచి టీ తాగితే, నీ మొగుడికి వేయిద్దాం. లేవకపోతే నీ ఇష్టం."

సిస్టర్ ఫిలోమినా గాజుబుడ్డి మెడను చిన్న ఆకురాయితో గీసి టిక్కుమని విరిచింది. మందు నీళ్ళలా ఉంది. సిరంజీలోకి లాగి, గాలిబుడగ వదిలి, అతని భుజం మీద స్పిరిట్ దూదితో రుద్దింది. అలవాటుగా ఇన్నయ్య కుడిచెయ్యి గాలిలోకి లేవబోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఛాతీ మీద పెట్టుకున్నాడు.

సూది దిగడం తెలియలేదు. ఎన్ని వేలసార్లు నూరాడో, తన పని తన ఒంటికి తగలడం అదే మొదటిసారి. బాగానే నూరాను, అనుకున్నాడు.

పది నిమిషాలు ఏమీ జరగలేదు. ఉలి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. తర్వాత, గనిలో మధ్యాహ్నం గంట కొట్టగానే సమ్మెటలన్నీ ఒక్కసారి ఆగిపోయినట్టు, అంతా ఆగిపోయింది. ఆ గంట తర్వాత గనిలో వినపడే చిన్న చిన్న చప్పుళ్ళు అతనికి ఎంతో ఇష్టంగా ఉండేవి. ఎవరో సద్దిమూట విప్పడం, ఎవరో ముంతలో నీళ్ళు పోయడం, కొండ అవతల మేకల మెడలో గంటలు. ఇప్పుడు కూడా అట్లాంటివే వినపడ్డాయి. సీతారావమ్మ గాజులు. ఖదీజా ఆకు మడిచే చప్పుడు. కిటికీలో పిచ్చుక. నొప్పి ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది, అన్నం తినడానికి కూర్చుంది.

అతను నిద్రపోయాడు. నెల రోజుల్లో మొదటిసారి, కాళ్ళు చాపుకుని.

ఆ గంటన్నరా సీతారావమ్మ అతని చొక్కా గుండీల మీదనుంచి చూపు తీయలేదు. రెండో గుండీ లేస్తోంది, దిగుతోంది. ఒకసారి దిగి కాస్త ఆలస్యంగా లేస్తే ఆమె తన ఊపిరి కూడా ఆపేసింది. మధ్యలో ఆరోగ్యమ్మ కేరియరుతో వచ్చింది. మంచం మీద మొగుణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సిస్టరు వచ్చి ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఆరోగ్యమ్మ వచ్చి అతని కాళ్ళ దగ్గర కూర్చుని, చాపుకున్న ఆ కాళ్ళను చూసింది. నెలరోజులుగా పక్కన పడుకున్న మనిషి పిల్లిలా ముడుచుకుని నిద్ర నటించడం ఆమెకు తెలుసు. తాను తెచ్చిన అన్నం కాకులకు పోతోందని కూడా తెలుసు. కొంగుతో అతని ముఖం మీది ఈగను తోలింది.

"ఎవరు పిన్నీ మీరు?" అంది సీతారావమ్మ.

"ఈయన పెళ్ళాన్ని," అంది ఆరోగ్యమ్మ. "ఎన్నాళ్ళయింది మీకు పెళ్ళయి?"

"నలభై మూడు రోజులు."

"మాకు ముప్ఫై రెండేళ్ళు. ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ పడుకోలా ఈ మనిషి. నేనే ఏదోటి అంటా ఉంటా."

పన్నెండు దాటాక ఇన్నయ్య కళ్ళు తెరిచాడు. కప్పు దూలాలు చూశాడు. ఆరోగ్యమ్మను చూశాడు. తర్వాత సీతారావమ్మను.

"టీ," అన్నాడు. "పంచదార కాస్త ఎక్కువెయ్యమను."

"బతికే ఉన్నాడు," అని ఖదీజా వార్డంతటికీ వినపడేలా చెప్పింది. తర్వాత తానే లేచి టీ కోసం వెళ్ళింది. ఇన్నయ్య సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, పిల్లలు తాగినట్టు చప్పుడు చేస్తూ తాగాడు. ప్రతి గుక్కనూ సీతారావమ్మ కళ్ళతో మింగించింది. సాసరు ఖాళీ అయ్యాక ఆమె ముఖం ఒక్కసారిగా పగిలి, నవ్వో ఏడుపో తెలియకుండా అయింది.

"ఆ సూదే పెట్టాలి," అంది ముక్కు తుడుచుకుంటూ. "నీకు పెట్టిందే. వేరేది కాదు."

"ఉడకబెట్టి తెస్తా. కాసేపు ఆగు."

"ఇంకోటి బాబాయ్. ఆ సిలువ గియ్యి. ఏం కాదులే. ఇప్పుడు నువ్వే చూపించావుగా, మంచిదని."

ఇన్నయ్య ఆ పిల్లను కాసేపు చూశాడు. మంచం మీంచి లేచాడు. కాళ్ళు కొంచెం తూలాయి. ఆరోగ్యమ్మ చెయ్యి పట్టుకుంటే, "నేను నడుస్తాలేవే, నలుగురూ చూస్తున్నారు," అన్నాడు. సూదిని మళ్ళీ తీగెతో తుడిచి, రాయి మీద నాలుగుసార్లు నడిపి, దూది పోచలోంచి లాగి, ఉడకబెట్టి, పళ్ళెంలో పెట్టి, గుడ్డ కప్పాడు. సగం తలుపు పూర్తిగా తెరిచి, అందరికీ కనపడేలా, పెద్ద సిలువ గీశాడు.

సిస్టరు మస్తానయ్య కాలికి కట్టు విప్పి, గాయం కడిగి, రాతిపొడి ఒక్కొక్క రేణువే ఏరి తీసింది. ముప్పావుగంట పట్టింది. అతను కదల్లేదు కానీ నోరు మాత్రం ఆగలేదు. మందు మత్తులో సిస్టరుకు తన పెళ్ళాం సంగతులన్నీ చెప్పాడు. మా సీత ఎండుచేపల పులుసు బాగా పెడుద్ది. మా సీతకి ఎడమ బుగ్గ మీదే సొట్ట పడుద్ది, కుడి పక్క పడదు. చెరుకుగడలో తియ్యటి మొదలు నాకిచ్చి చివర అది తినింది, నేను చూడలేదనుకుంది. సిస్టర్ ఫిలోమినా పని చేసుకుంటూనే, "మంచిది, మంచిది, కదలకుము," అంటోంది. సీతారావమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి. కరీముల్లా ఆపరేషను కుట్లు పట్టుకుని నవ్వుతుంటే ఖదీజా అతన్ని కసిరింది.

కాలు నిలిచింది. వారం తిరిగేసరికి గాయం ఎర్రగా, శుభ్రంగా కనిపించింది. ఇప్పుడు ఎవరికి నొప్పి ఎక్కువైనా ఖదీజా సిస్టరును తానే పిలుస్తోంది. "తాళం తియ్యండమ్మా," అంటోంది. ఆ వారంలో ఇన్నయ్య మరో రెండుసార్లు అందరిముందే ఆ సూది వేయించుకుని, లేచి టీ తాగాడు.

రెండో వారంలో అతనికి మెట్లెక్కడం కష్టమైంది. సిస్టరు అయిదో నంబరు మంచం ఖాళీగా ఉంచి పిలిచింది.

"ఈడ వద్దమ్మా," అన్నాడు ఇన్నయ్య.

"ఇచట నేను దగ్గర నుండెదను కదా."

"అందుకేనమ్మా. ఈ వార్డులో నేను పోతే, మళ్ళీ ఆ సూది చేసిందే అంటారు. ఆ పిల్ల చూస్తది. ఆ భయాన్ని కష్టపడి వదిలించాం."

సిస్టరు తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుంది. "ప్రతిదినము నేనే నీ ఇంటికి వచ్చెదను," అంది.

శనివారం పొద్దున అతను ఉతికిన చొక్కా వేసుకుని, దువ్వుకుని, వార్డు మధ్యలోంచి తన కాళ్ళ మీద నడిచి బయటికి వెళ్ళాడు. సానరాయిని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇప్పటి పెద్ద సిస్టరు తీసుకెళ్ళమంది. ఊతకర్ర మీద నిలబడటం నేర్చుకుంటున్న మస్తానయ్య, "ఏడికి బాబాయ్," అన్నాడు.

"ఇంటికిరా. పదిహేడేళ్ళలో ఒక్కరోజు సెలవు తీసుకోలా. మీ పిన్ని తిడతా ఉంది."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది సీతారావమ్మ.

"నీ మొగుడు గంతులేస్తా ఎదురొస్తే చూడటానికొస్తా." అని నవ్వి, గేటు దాకా వెనక్కి తిరక్కుండా వెళ్ళాడు. గేటు దాటాక గోడ చాటున ఆరోగ్యమ్మ భుజం పట్టుకున్నాడు.

ఇల్లు ఆస్పత్రి వెనక వీధిలోనే. రోజూ పదింటికి సిస్టర్ ఫిలోమినా సంచీతో వచ్చేది. ఆమె వచ్చేలోపు ఇన్నయ్య మంచం పక్కన రాయి పెట్టుకుని, ఆ రోజు సూదిని తనే నూరి, దూదిలోంచి లాగి చూసేవాడు. ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఆరోగ్యమ్మ వాకిట్లో కూర్చుని కూర తరుగుతూ లోపలి సుయ్ సుయ్ చప్పుడు వినేది. ఆ చప్పుడుతోనే కాపురం చేసింది, అది ఉన్నంతసేపు ఆమె చేతులు వాటంతటవే పని చేసుకుపోయేవి.

అతను ఇల్లు చేరిన పదకొండో రోజు మస్తానయ్య ఊతకర్రతో, సీతారావమ్మ మూటతో, పిడుగురాళ్ళ బస్సెక్కారు. ఎక్కేముందు ఆమె ఇంటి దారి కనుక్కుని వచ్చి, గడపలో నిలబడి లోపలికి చూసింది. ఇన్నయ్య నిద్రపోతున్నాడు. చొక్కా రెండో గుండీ లేస్తోంది, దిగుతోంది. "పడుకున్నాడు, లేపకు పిన్నీ," అని, రెండు చెరుకుగడ ముక్కలు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. రెండూ తియ్యటి మొదళ్ళే.

పధ్నాలుగో రోజు పొద్దున తొమ్మిదిన్నరప్పుడు ఆరోగ్యమ్మ బీరకాయలు తరుగుతోంది. లోపల సుయ్ మంది. కాసేపాగి మళ్ళీ సుయ్ మంది. తర్వాత ఏమీ లేదు. ఆమె కాయ సగంలో చెయ్యి ఆపింది. చెవి పెట్టి విన్నది. పక్కింట్లో ఎవరో బిందెలో నీళ్ళు పోసుకుంటున్నారు. వీధి చివర మేకలు వెళ్తున్నాయి. ఆమె కత్తిపీటను గోడవైపు తిప్పి, చేతులు కొంగుకు తుడుచుకుని, లోపలికి వెళ్ళి అతని పక్కన కూర్చుంది. అతని కాళ్ళు చాపుకుని ఉన్నాయి.

పదింటికి సిస్టర్ ఫిలోమినా సంచీ గుమ్మంలోనే పెట్టి మోకరించింది. తాళంచెవి నేలకు తగిలి చిన్నగా మోగింది.

మంచం పక్కన సానరాయి మీద గాడిలో సూది ఆనించి ఉంది, దాని మొన దగ్గర దూది పోచ ఒకటి ఎక్కడా చిక్కుకోకుండా పడి ఉంది, నూనె చుక్క ఇంకా ఆరలేదు.